మైకమ్మ గొంతు

పెద్ద సర్జన్ ఆపరేషన్ థియేటర్లోంచి బయటికి వచ్చేలోపు అమ్మ ఏదో ఒకటి తేల్చుకోవాలి, కొయ్యించుకోవడమో, కరెంటు పెట్టించుకోవడమో. పొద్దున తన గదిలో ఆయన చాలాసేపే చెప్పాడు. కాగితం మీద గొంతు బొమ్మ గీసి, స్వరపేటిక మీద పుండు ఉన్నచోట పెన్నుతో చుట్టి, ఇది మొత్తం తీసేస్తే బతికే అవకాశం బాగా ఎక్కువమ్మా, కాకపోతే మాట ఉండదు, మెడ దగ్గర చిన్న కన్నం పెడతాం, ఊపిరి దాంట్లోంచే, కొయ్యకుండా కరెంటు, అదే రేడియేషన్, పెడితే మాట నిలబడొచ్చు, అవకాశం మాత్రం తగ్గుతుంది, రెండిట్లో మీ ఇష్టం, అన్నాడు. ఛాతీ స్కాన్ రిపోర్టు మధ్యాహ్నానికి వస్తుంది, అది అందరికీ చేయించేదే, కంగారుపడకండి, అని కూడా అన్నాడు. రేపటి ఆపరేషన్లలో ఒకటి వాయిదా పడింది, మీరు ఊ అంటే ఆ చోటు మీకే, అని లేచి నిలబడి, నా వైపు తిరిగి, "సిస్టర్, మీకు తెలియనిదేముంది, అమ్మగారికి మీరే నెమ్మదిగా చెప్పండి" అని వెళ్ళిపోయాడు. అప్పట్నుంచీ మేమిద్దరం ఈ వరండాలో కూర్చున్నాం. పొద్దుటి రద్దీ అంతా వెళ్ళిపోయింది. తుడిచే మనిషి బకెట్ తోసుకుంటూ వచ్చి కాళ్ళెత్తండి అంటే ఇద్దరం చిన్నపిల్లల్లా కాళ్ళు గాల్లోకెత్తి కూర్చున్నాం, ఆమె వెళ్ళిపోయాక కూడా అమ్మ కాసేపు దించలేదు, మర్చిపోయింది.

నాకు తెలియనిదేముంది. నర్సింగులో పీజీ రెండో ఏడు, నా పరిశోధనే దీనిమీద, గొంతు కాన్సర్ వచ్చినవాళ్ళు ప్రమాదాన్ని ఎలా అర్థం చేసుకుంటారు, చికిత్సను ఎలా ఎంచుకుంటారు అని. వార్డులో చాలా ఏళ్ళు పనిచేసి, ఇంజెక్షన్లూ డ్రెస్సింగులూ చేసి చేసి, ఇంకాస్త చదవాలనిపించి చేరాను, అమ్మ మార్కెట్లో అందరికీ చెప్పుకుంది, మా అమ్మాయి సూది పొడవడం మానేసి ప్రశ్నలు పొడుస్తోంది అని. నిజమే, ఇదే వరండాలో, ఇవే స్టీలు కుర్చీల్లో, ఒక్కొక్కరి పక్కన కూర్చుని పొడిచాను. డాక్టరు ఏం చెప్పారు, మీకేం అర్థమైంది, ఇదే ఎందుకనుకున్నారు, ఇంట్లో ఎవరన్నా ఏమన్నా అన్నారా. అమ్మ కూర్చున్న కుర్చీలో ఎంతమంది కూర్చుని నాకు జవాబులు చెప్పి ఉంటారో. అమ్మ కళ్ళు మూసుకుంది కానీ నిద్రపోలేదు, నిద్రపోతే నోరు తెరుచుకుంటుంది, ఇప్పుడు పెదాలు బిగించి ఉంది, భుజం మీది తువాలు కొసని వేలికి చుడుతోంది, విప్పుతోంది. ఆసుపత్రికి కూడా ఆ తువాలేంటమ్మా అంటే, అది లేకపోతే భుజం లేనట్టుంటుందే అంది.

ఆ తువాలు మార్కెట్‌ది. అమ్మ చేపల మార్కెట్లో వేలంపాట పాడుతుంది. పడవలు దించిన సరుకు గట్టుమీద కుప్పలు పోస్తారు, కరిగిన ఐసు నీళ్ళు కాళ్ళకింద పారుతుంటాయి, కొనేవాళ్ళు చుట్టూ మూగుతారు, తిరగేసిన ప్లాస్టిక్ ట్రే మీద అమ్మ నిలబడి పాట ఎత్తుకుంటుంది. ఆ రేకుల షెడ్డు కింద మోటార్ల గోల, బేరాల గోల, కాకుల గోల, వాటన్నిటి మీదుగా అమ్మ గొంతు అవతలి గేటుదాకా వెళ్తుంది. సంఘం వాళ్ళు పాపం ఒకసారి మైకు కొనిపెడితే రెండు మాటలు మాట్లాడి, "ఇదేంటి, నన్ను ఇరుకుగదిలో పెట్టి తలుపేసినట్టుంది" అని పక్కన పడేసింది, అప్పట్నుంచీ అందరికీ ఆమె మైకమ్మే. పాటలో ధర తక్కువ, మాటలెక్కువ. చేపని తిప్పి తిప్పి చూస్తూ ధర పెంచని హోటలాయనతో, "ఏం బావా, అంతసేపు చూస్తున్నావు, ఆ చేప నీకు మరదలు వరసా?" అంటే జనం గొల్లుమంటారు, ఆయన సిగ్గుపడి ఇంకాస్త పెంచుతాడు. చిన్నప్పుడు బడికి వెళ్తూ గేటు బయట నిలబడి వినేదాన్ని, అమ్మ లోపల కనపడేది కాదు, గొంతు మాత్రం వచ్చేది, ఒకటోసారీ, రెండోసారీ అని సాగదీసి మూడోసారి అనేముందు ఒక్క క్షణం ఆపుతుంది, ఆ ఆపడంలో మార్కెట్ అంతా ఊపిరి బిగబడుతుంది, నేను కూడా, ఆ తర్వాత పరిగెత్తేదాన్ని, బడికి ఎప్పుడూ ఆలస్యమే.

అలాంటి గొంతు బొంగురుపోతే ఎవరికి అనుమానం వస్తుంది. వానల్లో తడిసి పాడిందన్నారు, ఐసు గాలి పడలేదన్నారు, మందులషాపు ఆయన చప్పరించే బిళ్ళలు ఇచ్చాడు, వీధి చివర డాక్టరు దగ్గుమందు రాశాడు, మార్చి ఇంకో దగ్గుమందు రాశాడు. అమ్మ పాట మాత్రం ఆపలేదు, గొంతు తగ్గేకొద్దీ చేతులు ఎక్కువ ఊపేది, అదీ కొత్త స్టైలేమో అనుకున్నారు జనం. ఒకరోజు మూడోసారి అని అనబోతే గాలే వచ్చిందట, మాట రాలేదట, అందరూ మామూలుగా అమ్మ ఆపిందనుకుని ఊపిరి బిగబట్టి నిలబడ్డారట, చాలాసేపు. ఆ సంగతి ఫోన్లో చెబుతూ నవ్వింది, సరుకు ఆ ధరకే పోయిందే, లేకపోతే ఇంకా పెంచేదాన్ని అని. ఆ నవ్వులో ఒక ఈల లాంటిది వినపడింది నాకు, ఊపిరి పీల్చుకున్నప్పుడు, సన్నగా. ఆ ఈల నేను వార్డులో వినీ వినీ ఉన్నాను. మర్నాడే వెళ్ళి తీసుకొచ్చాను, ముక్క తీసి పరీక్షకి పంపారు, ఫలితం వచ్చాక నిన్న మళ్ళీ బయల్దేరాం.

నాన్నని తీసుకురాలేదు. నాన్న అదే మార్కెట్లో ఐసు దిమ్మలు పిండిచేసే మిషను దగ్గర పనిచేశాడు, ఆ మిషనే ఆయన చెవులు తినేసింది. చెవిలో పెట్టుకునేది కొనిచ్చాం, ఈగ దూరినట్టుందని తీసి ఎక్కడో పడేశాడు. ఇప్పుడాయనకి ఈ లోకంలో వినపడే మనిషి ఒక్కతే. నేను పక్కన నిలబడి అరిచినా అయోమయంగా నా పెదాలకేసి చూస్తాడు, అమ్మ వంటింట్లోంచి ఒక్క తిట్టు తిడితే అక్కణ్ణుంచే జవాబిస్తాడు. చదువు లేదు, రాసి చూపిద్దామన్నా లాభం లేదు. సైగలు చేస్తే కోపం వస్తుంది, నన్ను కోతిననుకున్నారా అంటాడు. అమ్మ నోరు ఆగిపోతే ఆ ఇంట్లో ఇద్దరు మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, ఏమో, అన్నం పెట్టుకుని, తిని, పడుకుని, లేచి. నిన్న బస్సెక్కేటప్పుడు అమ్మ వెనక్కి తిరిగి, అన్నం కుక్కర్లో ఉంది, పాలు విరిగిపోతాయి కాచుకో, అని అరిచింది, అరిచిందంటే ఇదివరకటి అరుపు కాదు, చిరిగిన గుడ్డలాంటిది, అయినా నాన్న తలూపాడు. వినపడి ఊపాడో, అలవాటుగా ఊపాడో.

నా సంచిలో అట్ట ఉంది. దానిమీద రెండు వైపులా వందేసి చిన్న మనుషుల బొమ్మలు, ఒకవైపు కొయ్యించుకున్నవాళ్ళు, ఇంకోవైపు కరెంటు పెట్టించుకున్నవాళ్ళు, కొన్నేళ్ళ తర్వాత ఉన్నవాళ్ళకి పచ్చరంగు, లేనివాళ్ళకి బూడిదరంగు. అంకెలు అర్థంకాని వాళ్ళకి బొమ్మలు అర్థమవుతాయని మా గైడు మేడమ్ చెబితే నేనే కూర్చుని వేయించి లామినేషన్ చేయించాను, ఎంత ముచ్చటపడ్డానో. రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన ఆ అట్టని చాలాసేపు చూశారు, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. "లెక్క బాగుందమ్మా. ఇందులో నేనెక్కడున్నాను?" అన్నారు. అలా చెప్పలేమండీ అన్నాను. "మరి నాకెందుకమ్మా ఇది" అని నా చేతికి తిరిగి ఇచ్చేశారు, కోపంగా కాదు, తప్పు చేసిన పిల్లకి పలక తిరిగిచ్చినట్టు. ఆయన కరెంటే పెట్టించుకున్నారు, మనవరాలికి ఎక్కాలు చెబుతున్నాను, మధ్యలో ఆపితే పిల్ల మర్చిపోతుంది అన్నారు. కొన్నాళ్ళకి రెండోసారి ప్రశ్నలు అడగాలని ఫోన్ చేస్తే కోడలు ఎత్తి, ఆయన లేరండీ అంది. బయటికి వెళ్ళారనుకుని, మళ్ళీ చేస్తానండీ అన్నాను. అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు.

లారీ డ్రైవర్ ఒకడు కొయ్యించుకున్నాడు, వాడి పెళ్ళాం నాతో నవ్వుతూ చెప్పింది, ఇప్పుడు మా ఇంట్లో గొడవల్లేవమ్మా, ఆయనకి ఏదన్నా అనాలనిపిస్తే పలక వెతుక్కోవాలి, అది దొరికేసరికి కోపం పోతుంది అని. చెబుతూ చెబుతూ నవ్వు మధ్యలో ఆగిపోయి, "తీసేసినదాన్ని ఏం చేస్తారమ్మా?" అని అడిగింది. పరీక్షకి పంపిస్తారమ్మా అన్నాను. "పరీక్ష అయిపోయాక?" అంది. నేను వేరే ప్రశ్నకి వెళ్ళిపోయాను. ఇంకొకామె నిముషంలో కొయ్యమని చెప్పేసింది, ఎందుకని అడిగితే, కరెంటుకి రోజూ రావాలంట, మా ఊరికి ఒకటే బస్సు, అంది. దీన్ని ఏ వర్గంలో పెడతావు అని మేడమ్ అడిగితే నేను ఆలోచించి ఆలోచించి రవాణా సౌకర్యాలు అని రాశాను, మేడమ్ తలూపింది, బాగుంది అంది. గొంతుని రవాణా కింద రాసేశాను. మేడమ్ మంచిదే, ఆమె మొట్టమొదటి రోజే చెప్పింది, అందరూ చివరికి ఒకటే అడుగుతారు, నువ్వయితే ఏం చేస్తావమ్మా అని, దానికి మాత్రం జవాబు చెప్పకు, నువ్వు చెప్పిందే వాళ్ళు చేస్తారు, అది వాళ్ళ నిర్ణయం కాకుండా పోతుంది. నిజంగానే అందరూ అడిగారు. మాస్టారు అడగలేదు, ఆయనొక్కరే.

"నిద్రపోయావా?" అంది అమ్మ కళ్ళు తెరవకుండానే. ఇసుక మీద తట్ట ఈడ్చినట్టుంది గొంతు.

"లేదు."

"నీ బొమ్మల అట్ట ఉందిగా. ఊళ్ళోవాళ్ళందరికీ చూపిస్తావు, నాకు చూపించవా?"

ఇచ్చాను. అటు తిప్పి చూసింది, ఇటు తిప్పి చూసింది, దూరంగా పట్టుకుంది, కుప్పలో సరుకు చూసినట్టే. "ఇంతమంది చేతులు కట్టుకుని నిలబడ్డారు, ఒక్కడూ కొనేటట్టు లేడు" అంది. నాకు నవ్వొచ్చింది, నవ్వాను. అమ్మ వేలు బూడిదరంగు బొమ్మల మీద నెమ్మదిగా నడిచింది, వాళ్ళని లెక్కపెట్టడం లేదు, ఊరికే, తల నిమిరినట్టు. అట్ట నా ఒళ్ళో పెట్టేసి, "నువ్వయితే ఏం చేస్తావే?" అంది.

ఎన్నిసార్లు విన్న ప్రశ్న, ఎన్నిసార్లు చెప్పిన జవాబు, నా నోరు దానంతటదే తెరుచుకుంది. "అది నువ్వే తేల్చుకోవాలమ్మా. నేను చెప్పకూడదు."

"చెప్తే ఎవరన్నా కొడతారా?"

"కొట్టరు. నా ఇష్టం నీమీద రుద్దినట్టవుతుంది."

"రుద్దవే. నువ్వు పుట్టినప్పట్నుంచీ నా ఇష్టాలన్నీ నీమీద రుద్దలేదూ?" అని కళ్ళు తెరిచి నాకేసి చూసింది. "నేను అడిగింది మా అమ్మాయిని. ఆ నర్సమ్మగారు కాసేపు బయటికెళ్తే బాగుండు."

నర్సమ్మ బయటికెళ్తే ఏం మిగులుతుందో నాకు తెలియలేదు కాసేపు. హాస్టల్లో ఉన్నప్పుడు అమ్మ ఫోన్ చేస్తే చెవికి దూరంగా పట్టుకునేదాన్ని, అయినా గదిలో అందరికీ వినపడేది, తిన్నావా, తలకి నూనె పెట్టుకున్నావా, ఎవడన్నా వెనకబడుతున్నాడా, అమ్మాయిలందరూ నవ్వేవాళ్ళు, నేను సిగ్గుతో వరండాలోకి వెళ్తే వరండా అంతా వినపడేది. ఆ ఫోన్ ఇక రాదు. వస్తుందేమో, ఎత్తితే అవతల ఊపిరి చప్పుడు, కన్నంలోంచి. ఆ కన్నాలు నేను ఎన్ని శుభ్రం చేశానో, సన్నగొట్టం లోపలికి పోనిచ్చి కళ్ళె లాగితే మనిషి మొత్తం ఎగిరి పడతాడు, కళ్ళనిండా నీళ్ళు, అరుపు మాత్రం రాదు, అరవడానికి ఏమీ లేదుగా, మొహం మాత్రం అరుస్తుంది. ఆ మొహం అమ్మదైతే. పోనీ కరెంటు పెట్టిస్తే, మాటలుంటాయి, ఇంకో ఏడాదో, ఇంకాస్తో, పాట పాడుతుంది, హోటలాయన్ని ఏడిపిస్తుంది, తర్వాత ఒకరోజు నేను ఫోన్ చేస్తే నాన్న ఎత్తుతాడు, ఆయనకి వినపడదు, నేను అమ్మేదీ అమ్మేదీ అని అరుస్తూనే ఉంటాను. నాకు గొంతు వద్దు. నాకు మనిషి కావాలి. మూగదో చెవిటిదో మంచంలో ఉన్నదో, తలుపు తీస్తే లోపల ఉండాలి, తువాలు వేసుకుని. ఇది ఏ వర్గంలో వస్తుంది మేడమ్, స్వార్థం అని ఒక గడి ఉంటే పెట్టండి.

"తీయించుకోమ్మా" అన్నాను. అంటూనే ఏడ్చేశాను, వార్డు నర్సులు చూస్తారేమో అని మొహం గోడవైపు తిప్పుకున్నాను, ఇక్కడ అందరికీ నేను తెలుసు.

లిఫ్టు తలుపు తెరుచుకుని మూసుకుంది, ఎవరో తోపుడుబల్ల మీద ఒక ముసలాయన్ని తీసుకెళ్ళారు, ఆయన పైకప్పుకేసి చూస్తూ వెళ్ళాడు, ఒక్కో లైటూ ఆయన మొహం మీదుగా దాటింది. అప్పుడు అమ్మ, "సరే" అంది. ధర తెగినట్టే, అంత తేలిగ్గా. "అయితే ఇంటికెళ్ళగానే మీ నాన్నకి చెప్పాల్సినవన్నీ చెప్పేయాలి. గ్యాసు ఎటు తిప్పితే ఆగుతుందో ఆయనకి ఇప్పటికీ తెలీదు. నీళ్ళ మోటరు ఎక్కువసేపు వదిలేస్తాడు. కరెంటాఫీసు వాడు వస్తే ఏం మాట్లాడాలో చెప్పాలి. తిట్లు కూడా తిట్టెయ్యాలే, ఏదీ మిగిలిపోకుండా." కాసేపాగి, "ఆయన తిట్టుకి జవాబు చెప్తాడు చూడు, అదే నాకు..." అని ఆపేసి తువాలుతో మూతి తుడుచుకుంది. ఎక్కడో లోపల నాకు కొంచెం తేలికైంది, సిగ్గులేకుండా తేలికైంది. పచ్చరంగు బొమ్మలు ఎక్కువున్న వైపుకి అమ్మని లాగేశాను అనిపించింది. అప్పటికే మనసులో నేను పలకలు కొంటున్నాను, నాన్నకి అక్షరాలు నేర్పుతున్నాను, అమ్మ పలక మీద తిట్టు రాసి చూపిస్తే నాన్న కూడబలుక్కుని చదివి, చదవడం అయ్యాక కోపం తెచ్చుకుంటున్నాడు. ఛాతీ స్కాన్ సంగతి గుర్తు రాలేదని అనను, గుర్తొచ్చింది, అది అందరికీ చేయించేదేగా అని మళ్ళీ అనుకున్నాను, డాక్టర్ల మాటలే మాకు ధైర్యాలు.

లోపల్నుంచి అటెండరు ఎవరినో పేరు పెట్టి పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. మూడోసారి పిలిచాక, అది అమ్మ అసలు పేరని ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

సర్జన్ నుదుటిమీద టోపీ గీత ఇంకా ఎర్రగా ఉంది. కుర్చీ చూపించాడు. అమ్మ కూర్చోకుండానే, "తేల్చుకున్నాను డాక్టరుగారూ. తీసేయండి. మా అమ్మాయికి కూడా అదే ఇష్టం" అంది, గట్టిగా అనాలని చూసింది, చివరి మాట గాల్లో కలిసిపోయింది. ఆయన అమ్మకేసి చూసి, నాకేసి చూసి, చేతిలో పెన్నుని బల్లమీద పెట్టాడు. ఆయన వెనక కంప్యూటర్ తెర మీద ఛాతీ ఉంది. అది ఎవరిదో వేరేవాళ్ళదయి ఉంటుందిలే అనుకున్నాను ఒక్క క్షణం, ఇంతకుముందు చూసిన పేషెంటుది మూయడం మర్చిపోయాడేమో. నల్లటి ఊపిరితిత్తుల్లో అక్కడక్కడా గుండ్రంగా తెల్లటి మచ్చలు, చిన్నవి, పెద్దవి. మూలన పేరు. ఇందాక అటెండరు పిలిచిన పేరే.

"కూర్చోండమ్మా" అన్నాడు ఆయన. మంచివాడు, గబగబా చెప్పలేదు, పక్కచూపులు చూడలేదు. "జబ్బు ఊపిరితిత్తుల్లోకి కూడా వెళ్ళిందమ్మా. ఇప్పుడు గొంతు తీసినా మీకు లాభం లేదు. ఊరికే బాధ పెట్టినవాళ్ళమవుతాం. మందులిస్తాం, నొప్పి లేకుండా చూసుకుంటాం."

అమ్మ కాసేపు ఆ తెరకేసి చూసింది. "అంటే పోతానా?"

"ఎప్పుడని చెప్పలేనమ్మా."

"నేను ఎప్పుడని అడగలేదుగా" అంది అమ్మ. ఆయన తల దించుకుని, అవునమ్మా అన్నాడు. తర్వాత ఏవో మందుల పేర్లు చెప్పాడు, నేను తలూపాను, రాసుకున్నాను కూడా, నా చెయ్యి రాస్తుంటే చూశాను. గదిలోంచి బయటికొచ్చేటప్పుడు ఆయన నన్ను ఆపి, రేపటి చోటు ఇంకొకరికి ఇచ్చేయమని థియేటర్ సిస్టర్‌కి మీరే ఒక మాట చెబుతారా, అన్నాడు. చెప్పాను. ఆమె ఎవరి పేరో కొట్టేసి ఎవరి పేరో రాసింది.

ఎంచుకోవడం గురించి నేను రాసిన పేజీలన్నీ, ఎంచుకోవడానికి ఏదో ఒకటి ఉంటుందని నమ్మి రాసినవే. ప్రశ్నలన్నీ ఆ నమ్మకం మీదే, అట్ట ఆ నమ్మకం మీదే. ఇందాక ఏడ్చిన ఏడుపు కూడా. మేమిద్దరం ఆ కుర్చీల్లో కూర్చుని గొంతా మనిషా అని పీక్కుంటున్నప్పటికే ఆ మచ్చలు ఉన్నాయి, పొద్దున సర్జన్ బొమ్మ గీస్తున్నప్పుడు ఉన్నాయి, నిన్న బస్సెక్కేటప్పుడు ఉన్నాయి. మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు నిజానికి. రిపోర్టు వచ్చేదాకా మాకో పని కల్పించారంతే, పసిపిల్ల చేతికి ఏదో ఒకటి ఇచ్చి కూర్చోబెట్టినట్టు. మెట్ల దగ్గర అమ్మ గోడ పట్టుకుని ఆగింది. ఊపిరి తీసుకుంది, ఆ ఈల ఇప్పుడు పీల్చినప్పుడూ ఉంది, వదిలినప్పుడూ ఉంది.

"పోనీలే" అంది. "గొంతయితే ఉంటుంది. ఉన్నన్నాళ్ళూ మీ నాన్నతో మాట్లాడుకుంటాను."

పుండు ఊరుకోదు, లోపలికి పెరుగుతుంది, దారి ఇరుకవుతుంది, ఒకనాడు ఊపిరి అందక కళ్ళు తేలేస్తే అప్పుడు ఆగమేఘాల మీద మెడకి కన్నం పెడతారు, గొట్టం వేస్తారు. ఇవన్నీ నాకు తెలుసు, ఆ గొట్టాలు పట్టుకుని నిలబడ్డదాన్నే. మాట అప్పుడు కూడా పోతుంది. కొయ్యించుకున్నవాళ్ళకి మాట పోయి మనిషి మిగులుతాడు, కరెంటు పెట్టించుకున్నవాళ్ళకి కొన్నాళ్ళు మాటన్నా మిగులుతుంది, అమ్మకి ఆ ఒక్కటీ పోయి, ఆ తర్వాత రెండోదీ. నిజం దాచకూడదు, అడిగినదానికి అడిగినంత చెప్పాలి, తేట మాటల్లో చెప్పాలి, నా థీసిస్ మొదటి అధ్యాయంలోనే రాశాను.

"ఉంటుందిగా?" అంది అమ్మ.

నోరు తెరిచాను. జీవితమంతా ఎదుటివాళ్ళ మొహాలు చూసి ధర కట్టిన మనిషి, నా మొహం చూసింది. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి. చెయ్యెత్తి నా నోటికి అడ్డంగా పెట్టింది, ఎన్నిసార్లు కడిగినా చేప వాసన పోని చెయ్యి.

"చెప్పకు" అంది. "ఇంటికెళ్ళేదాకా చెప్పకు."

బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టాను. కదిలిన దగ్గర్నుంచీ అమ్మ మాట్లాడటం మొదలుపెట్టింది. జబ్బు గురించి కాదు. నాన్న కుర్రాడిగా ఉన్నప్పుడు చెవులు బ్రహ్మాండంగా ఉండేవట, కొనేది ఏమీ లేకపోయినా ఐసు గది వదిలేసి వచ్చి పాట వింటూ నిలబడేవాడట, యజమాని వచ్చి చెవి మెలేసి తీసుకెళ్ళేవాడట. ఒకసారి ఆయన్ని ఏడిపిద్దామని, ఆ మూలనున్న అబ్బాయి పాడాడు అని పెద్ద చేపని ఆయన మీద తోసేసిందట, ఆయన కాదనలేక ఎత్తుకుని ఊరంతా తిరిగాడట, దాన్ని ఏం చేయాలో తెలీక. ముందు సీట్లో ఎవరో ఒకాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు, ఆ గరగర వినలేక కాబోలు. గొంతుకి శ్రమ అని నేను ఆపలేదు. వంతెన దాటేసరికి గొంతు పూర్తిగా గాలైపోయింది, ఇంజను చప్పుడులో మాట కలిసిపోతోంది, పెదాలు కదులుతున్నాయి, చేతులు కదులుతున్నాయి, అమ్మ ఆపలేదు, నేను వింటున్నట్టే తలూపుతూ కూర్చున్నాను. ఒకచోట నవ్వింది, నవ్వాల్సిన చోటు కాబోలని నేనూ నవ్వాను. నవ్వు ఆపి నాకేసి చూసింది. నాకు వినపడలేదని తెలిసిపోయింది.

"ఏంటమ్మా?" అన్నాను, చెవి అమ్మ నోటి దగ్గర పెట్టి.

అమ్మ ఊపిరి తీసుకుని, మళ్ళీ మొదట్నుంచి చెప్పింది.